ఇంజనుకు జ్వరం చూడటం ఎలా?

కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఊళ్ళకు ఎప్పుడైనా వెళ్ళి చూడండి. కాలువ నీరు సరిగా అందని శివారు పొలాలకు రైతులు డ్రెయినులోంచి ఆయిల్ ఇంజనుతో నీరు తోడుకొంటూ ఉంటారు. పెద్ద గొట్టంలోంచి నీరు దబదబా బోదెలో పడుతుంటుంది. దానితోపాటు ఇంజను ఒంట్లోంచి చిటికెన వేలంత సన్నని గొట్టం ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. అందులోంచి కూడా సన్నగా నీరు కారుతుంటుంది. రైతు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ అప్పుడప్పుడు ఆ సన్నధార కింద చెయ్యి పెడతాడు. గోరువెచ్చగా ఉంటే తన పని తాను చూసుకొంటాడు. చెయ్యి చుర్రుమంటే మాత్రం పరుగున వెళ్ళి ఇంజను ఆపేస్తాడు.

ఆయన చేసిన పని ఏమిటో గ్రహించారా? పంపు తోడిన నీటిలో కొంత భాగం ఇంజను సిలిండరు చుట్టూ తిరిగి, అక్కడి వేడిని మోసుకొని ఆ సన్న గొట్టం ద్వారా బయటికి వస్తుంది. అమ్మ మీ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్లు ఆయన ఇంజనుకు జ్వరం చూస్తున్నాడన్నమాట.

అయితే చెయ్యి నమ్మదగిన థర్మామీటరు కాదు. మూడు గిన్నెల ప్రయోగం మీలో చాలామంది చేసే ఉంటారు. ఒక చెయ్యి వేడినీటిలోను, రెండోది చన్నీటిలోను కాసేపు ఉంచి, తరువాత రెండూ గోరువెచ్చని నీటిలో పెడితే, అదే నీరు ఒక చేతికి చల్లగాను మరో చేతికి వెచ్చగాను తోస్తుంది. ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ 1690లోనే ఈ సంగతి రాశాడు. పైగా నీరు 50 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే మన చెయ్యి భరించలేదు. కారు ఇంజనులో తిరిగే నీరో, 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది 90లో ఉందో 110లో ఉందో చెయ్యి ఎలా చెబుతుంది? ఒకవేళ చెప్పగలిగినా, కారు నడిపే మనిషి చెయ్యి ముందు బానెట్ కిందికి ఎలా పోతుంది? అందుకే కారుకు ఒక ముల్లు కావాలి. ఆ ముల్లు సంగతి చెప్పటానికే ఈ వ్యాసం.

ఇంత వేడి ఎక్కడిది?

సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం ముట్టుకొని చూడండి, వెచ్చగా ఉంటుంది. గాలిని అదిమితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడి నడుస్తుంది. పెట్రోలు ఇంజనులో మాదిరిగా ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టను పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో అదుముతుంది. ఆ అదుముడుకు గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే భగ్గున మండుతుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1893లో దీనికి పేటెంటు సంపాదించాడు. అయితే తృప్తిగా నడిచే ఇంజను తయారు కావటానికి 1897 దాకా పట్టింది. మన దేశంలో తయారైన కార్లలో డీజిల్ ఇంజను అంబాసిడర్‌కు 1980 ప్రాంతంలో వచ్చింది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది గాని, పాతబండ్లు మాత్రం ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తూనే ఉంటాయి.

డీజిలు మండినప్పుడు ఆ మంట ఉష్ణోగ్రత క్షణకాలం 2000 డిగ్రీల దాకా పోతుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పోత ఇనుము 1200 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. మరి ఇంజను కరిగి ముద్ద కావాలి గదా! ఎందుకు కావటం లేదు? ఆ మంట ఉండేది అర క్షణం కూడా కాదు. మండినప్పుడల్లా గోడలకు చేరిన వేడిని వాటి వెనుక తిరిగే నీరు ఎప్పటికప్పుడు పట్టుకుపోతుంది. డీజిలు మండగా వచ్చిన ఉష్ణశక్తిలో దాదాపు మూడో వంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. ఇంకో మూడో వంతు పొగగొట్టం వెంట పోతుంది. మిగిలిన మూడో వంతును నీరు మోసుకొనిపోయి, రేడియేటరు దగ్గర గాలికి అప్పగిస్తుంది. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న మన థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా ఇలాంటి పనికే కృష్ణ నీటిని వాడుకొంటుంది. అక్కడ నది చేసే పనిని కారులో ఆరు లీటర్ల నీరు చేయాలి.

నీరే ఎందుకు? దాని విశిష్టోష్ణం ఎక్కువ కాబట్టి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి ఒక కేలరీ కావాలి. ఇనుముకు 0.11 కేలరీ చాలు. నూనెకైతే సుమారు అర కేలరీ. అంటే తాను కొంచెమే వేడెక్కుతూ ఎక్కువ వేడిని మోయగల కూలీ నీరు. దానికున్న ఇబ్బంది ఒక్కటే, 100 డిగ్రీలకు మరుగుతుంది. దీనికి ఉపాయం మీ వంటింట్లోనే ఉంది. ప్రెషర్ కుక్కరు! 1679లో డెనీ పాపిన్ కనిపెట్టిన ఆవిరి పాత్రకు అది మనుమరాలు. రేడియేటరు మూతలో స్ప్రింగు ఉంటుంది. లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కన్న ఇంకొక వాతావరణమంత పెరిగేదాకా అది ఆవిరిని బయటికి పోనివ్వదు. మొత్తం రెండు వాతావరణాల పీడనం దగ్గర నీరు మరిగేది 120 డిగ్రీలకు. ఆ విధంగా ఇరవై డిగ్రీల వెసులుబాటు దొరికింది. దీని సంగతి గుర్తుంచుకోండి. ఇది ఎంత మేలు చేస్తుందో అంత కీడూ చేయగలదు. ముందు ముందు చూస్తారు.

ఇంజను మరీ చల్లగా ఉండటం కూడా మంచిది కాదు. చల్లని గోడల దగ్గర డీజిలు సరిగా మండదు. పొగ వస్తుంది, ఇంజను త్వరగా అరుగుతుంది. అందుకని నీటి దారిలో మైనం నింపిన చిన్న కవాటం ఒకటి పెడతారు. దాని పేరు థర్మోస్టాట్. నీరు 82 నుంచి 88 డిగ్రీల దాకా వేడెక్కినప్పుడు మైనం కరిగి వ్యాకోచించి తలుపు తెరుస్తుంది. అప్పుడే నీరు రేడియేటరులోకి పోతుంది.

మచిలీపట్నం దారిలో

మా బావమరిదికి పాత డీజిల్ కారు ఒకటి ఉంది. ఒక ఏడు రోహిణి కార్తెలో పెళ్ళికని విజయవాడ నుంచి మచిలీపట్నం బయలుదేరాం. పన్నెండు గంటల ఎండ. రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్లు ఎండమావులు. ఉయ్యూరు దాటిన తరువాత అద్దం ముందున్న ముల్లు సగానికి కాస్త కిందికి దిగింది. మా వాడు దాన్ని చూపించి, "చూశారా బావగారూ! ఇంత ఎండలోనూ ఎంత చల్లగా నడుస్తోందో!" అన్నాడు. నేనూ "బాగుంది" అన్నాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఉష్ణం పాఠం చెబుతున్నవాణ్ణి, అయినా అన్నాను.

పామర్రు దాటాక బండికి పట్టు తగ్గింది. ఇంజనులోంచి టకటకమని చప్పుడు. ముందు నుంచి తియ్యటి వాసనతో ఆవిరి. పక్కకు తీసి ఆపాం. మా వాడు బానెట్ ఎత్తి, జేబురుమాలు చుట్టుకొని మూత తిప్పబోయాడు. పక్క పొలంలోంచి ఒక పెద్దాయన కేకవేశాడు. "ఆగండి బాబూ, ఆగండి! ఆ మూత మీద చెయ్యి వెయ్యొద్దు. మొన్న మా ఊళ్ళో ట్రాక్టరు తోలే కుర్రాడు ఇట్లాగే తీసి మొహమంతా కాల్చుకున్నాడు." నిజం చెప్పాలంటే ఆ మాట నేను చెప్పవలసింది. ఆయన చెప్పాడు. చెట్టునీడన ముప్పావుగంట కూర్చున్నాం.

తరువాత తెలిసిందేమంటే, కింది రబ్బరు గొట్టానికి గోరు గిల్లినంత చీలిక పడింది. నీరు దారి పొడవునా కారుతూ వచ్చి సగానికి తగ్గింది. వేడిని కొలిచే సెన్సారు ఇంజనులో పైభాగాన ఉంటుంది. నీటిమట్టం దాని కిందికి దిగిపోయింది. సెన్సారు ఇప్పుడు నీటిలో లేదు, గాలిలో ఉంది. నీటితో పోలిస్తే గాలి ఉష్ణాన్ని ఇరవయ్యో వంతు కూడా వహించదు. దానితో ఇంజను లోహం నిప్పులా కాలుతుంటే సెన్సారు మాత్రం చల్లబడి, ముల్లు కిందికి దిగింది. మేము సంతోషించింది దానికే!

బండిని ఆటోనగర్‌కు చేర్చాం. విజయవాడ ఆటోనగర్ గురించి వేరే చెప్పాలా? బోల్టు దగ్గర నుంచి లారీ బాడీ దాకా అక్కడ దొరకని వస్తువు, అక్కడి మేస్త్రీలకు తెలియని జబ్బు ఉండవంటారు. మేస్త్రి ఇంజను హెడ్ విప్పి, దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, సందులో పలుచని రేకులు దూర్చి చూశాడు. 0.2 మిల్లీమీటర్ల రేకు నిరభ్యంతరంగా దూరింది. "హెడ్ బెండయిందండీ. గ్యాస్కెట్ కూడా పోయింది" అన్నాడు. రెండు కాగితాల మందమంత వంపు! ఇంత మాత్రానికే హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సందు ఏర్పడి మండే వాయువులు నీటిలోకి, నీరు నూనెలోకి పోతాయి.

ఆ వంపు ఎందుకు వచ్చిందో మీరే లెక్క కట్టవచ్చు. హెడ్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. హెడ్ పొడవు 450 మి.మీ. అనుకొందాం. అది మామూలు కన్న 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, అల్యూమినియం దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.000023 కాబట్టి, 1 మి.మీ. పైచిలుకు సాగాలి. ఇనుముకు గుణకం 0.000011. అది అంతే వేడెక్కినా అర మి.మీ.కు మించి సాగదు. రెంటినీ బోల్టులతో గట్టిగా బిగించారు. ఎక్కువ సాగదలచినది సాగటానికి చోటులేక ఏం చేస్తుంది? ద్విలోహ ఫలకం ప్రయోగంలో చూశారు గదా, వంగుతుంది.

మూడున్నర నిమిషాలు

"ముల్లు ఎప్పుడో ఒకసారి చూసుకొంటే చాలదా?" అని ఎవరైనా అడగవచ్చు. లెక్క వేసి చూద్దాం. కారు గంటకు 60 కి.మీ. వేగంతో పోతూ, లీటరుకు 15 కి.మీ. ఇస్తోందనుకొందాం. అంటే గంటకు 4 లీటర్ల డీజిలు. ఒక లీటరు డీజిలు మండితే సుమారు 8,600 కిలోకేలరీలు వస్తాయి. నాలుగు లీటర్లకు 34,400. అందులో మూడో వంతు, అంటే దాదాపు 11,500 కిలోకేలరీలు గంటకు నీటిలోకి పోతాయి. నిమిషానికి 190 అన్నమాట.

ఇప్పుడు నీటిపంపును తిప్పే బెల్టు తెగిపోయిందనుకోండి. నీరు కదలదు. వేడి రేడియేటరుకు పోదు. ఆరు లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి 6 కిలోకేలరీలు కావాలి. ఇంజను 150 కిలోల ఇనుము అనుకొంటే దానికి 16.5. మొత్తం 22.5. నిమిషానికి వచ్చే 190ని దీనితో భాగిస్తే నిమిషానికి ఎనిమిదిన్నర డిగ్రీలు పెరుగుతుందని తేలుతుంది. 90 నుంచి 120 చేరటానికి మూడున్నర నిమిషాలు! ఆ వేగంతో మూడున్నర కిలోమీటర్లు. ఒక ఊరు దాటి ఇంకో ఊరు చేరేలోపలే ఇంజను పని అయిపోతుంది. ఇది ముతక లెక్కే. అసలు ఇంజనులో మంటకు దగ్గరగా ఉన్న చోట ఇంకా ముందే మరుగుతుంది. అందుకే మేస్త్రులు ముల్లుతో పాటు మోగే గంట కూడా పెట్టించుకోమంటారు. 105 డిగ్రీలు దాటగానే అది కీచుమంటుంది. రోడ్డు మీద కళ్ళు పెట్టినవాడికి చెవే దిక్కు.

"కంపెనీ పెట్టిన ముల్లు ఉందిగా?" అంటారేమో. చాలా కార్లలో ఆ ముల్లును కావాలనే మొద్దుగా తయారు చేస్తారు. 75 డిగ్రీలున్నా 100 డిగ్రీలున్నా అది సరిగ్గా మధ్యలోనే నిలబడుతుంది. ముల్లు కాస్త కదిలినప్పుడల్లా కారు కొన్నవారు కంగారుపడి షెడ్డుకు పరుగెత్తకుండా ఈ ఏర్పాటు. కొన్ని కొత్త కార్లలో అసలు ముల్లే లేదు, ఎర్రదీపం ఒక్కటే. ఎర్రదీపం వెలిగేది జ్వరం వచ్చాక. జ్వరం వస్తోందని తెలియాలంటే అంకెలున్న మీటరు వేరుగా అమర్చుకోవాలి.

మీటర్లు రెండు తీరులు

మొదటిది కరెంటు అక్కరలేని రకం. ఒక చిన్న ఇత్తడి బుడ్డిలో ఈథర్ అనే ద్రవం ఉంటుంది. ఇది 35 డిగ్రీలకే మరుగుతుంది. బుడ్డి ఇంజను నీటిలో మునిగి ఉంటుంది. నీరు వేడెక్కిన కొద్దీ ఈథర్ ఆవిరి పీడనం పెరుగుతుంది. వెంట్రుక వంటి రంధ్రమున్న రాగి గొట్టం ద్వారా ఆ పీడనం డ్రైవరు ముందున్న మీటరులోకి పోతుంది. అక్కడ వంకీ తిరిగిన గొట్టం ఒకటి ఉంటుంది. తిరునాళ్ళలో పిల్లలు ఊదే చుట్టు కాగితం బూర చూశారు గదా, ఊదితే సాగుతుంది, ఆపితే చుట్టుకొంటుంది. అదే విధంగా లోపల పీడనం పెరిగితే ఈ వంకీ కొద్దిగా విప్పుకొని ముల్లును తిప్పుతుంది. ఫ్రాన్సు దేశపు యూజీన్ బూర్డాన్ 1849లో దీనికి పేటెంటు పొందాడు. ఎంత సాదా వస్తువో అంత నమ్మకమైనది. సన్న గొట్టం మడతపడి విరిగితే మాత్రం బాగు చేయటం కష్టం.

రెండోది విద్యుత్ మీటరు. ఇందులో నీటిలో మునిగే భాగాన్ని బజారులో సెండరు అంటారు. లోపల ఉండేది థర్మిస్టరు అనే చిన్న బిళ్ళ. రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుందని చదువుకొన్నారు. ఈ బిళ్ళది తలకిందుల స్వభావం. వేడెక్కితే నిరోధం తగ్గుతుంది. సిల్వర్ సల్ఫైడులో ఈ వింతను మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. ఆయనకు అప్పటికి దాని ఉపయోగం తెలియదు.

మేస్త్రి దగ్గర కొన్న సెండరును బండికి బిగించకముందు ఒక రోజు బడికి తీసుకుపోయాను. పదో తరగతి పిల్లలు దాన్ని నీళ్ళ బీకరులో దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు ఉంచి, మల్టీమీటరుతో నిరోధం కొలిచారు. 40 డిగ్రీల దగ్గర సుమారు 290 ఓములు. 60 దగ్గర 135. 80 దగ్గర 70. నీరు మరిగేటప్పుడు 38. ప్రతి ఇరవై డిగ్రీలకూ దాదాపు సగమవుతోందని వెనుక బెంచీ పిల్లవాడొకడు నాకన్న ముందే చెప్పాడు.

ఈ అంకెల్లో ఒక హెచ్చరిక కూడా ఉంది. 80కీ 100కీ మధ్య తేడా 32 ఓములే. సెండరుకు ఒకటే తీగ ఉంటుంది. రెండో దారి దాని మరల ద్వారా ఇంజను ఇనుములోకి, అక్కడి నుంచి బ్యాటరీకి పోతుంది. నీరు కారకూడదని కొందరు మరల మీద తెల్లటి ప్లాస్టిక్ టేపు దట్టంగా చుట్టి బిగిస్తారు. కొళాయికైతే అది మంచి పద్ధతే. ఇక్కడ ఆ టేపు విద్యుత్తుకు అడ్డుపడి ఇరవై ఓముల నిరోధం చేర్చిందనుకోండి. నీరు 100 డిగ్రీలున్నప్పుడు మీటరుకు 38 బదులు 58 ఓములు కనిపిస్తాయి. మీటరు దాన్ని 86 డిగ్రీల దరిదాపుగా చూపిస్తుంది. ముల్లు ఉన్నా అబద్ధం చెబుతుంది!

కొత్త కార్లలో ఈ పనిని కంప్యూటరే చేస్తుంది. స్టీరింగు కింద ఓబీడీ అనే సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి చిన్న యంత్రం తగిలిస్తే ఇంజను ఉష్ణోగ్రతను అంకెల్లో చదువుకోవచ్చు. ఇందులో ఒక తమాషా ఉంది. కంప్యూటరు పంపే అంకె 0 నుంచి 255 దాకా ఏదైనా కావచ్చు గాని, రుణసంఖ్య పంపలేదు. మంచు దేశాల్లో ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది గదా! అందుకని అసలు ఉష్ణోగ్రతకు 40 కలిపి పంపుతుంది. చదివేటప్పుడు 40 తీసివేయాలి. 130 వస్తే 90 డిగ్రీలు, 145 వస్తే 105. విజయవాడలో రుణ ఉష్ణోగ్రత ఎన్నడూ రాకపోయినా ఆ 40 మనకూ తప్పదు.

సెండరు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న. చాలామంది ఇంజను నుంచి రేడియేటరుకు పోయే పై గొట్టాన్ని కోసి, మధ్య అల్యూమినియం తూము పెట్టి, దానికి బిగిస్తారు. సులభమైన పని. అయితే థర్మోస్టాట్ తలుపు తెరిచేదాకా ఆ గొట్టంలో వేడినీరు రాదు. కాబట్టి మొదట్లో మీటరు 50 డిగ్రీలు చూపుతూ చూపుతూ, తలుపు తెరవగానే ఒక్కసారి 85కు ఎగబాకుతుంది. అది జబ్బు కాదు. బెల్టు తెగిన రోజున మాత్రం ఆ గొట్టంలో నీరు కదలదు గనుక మీటరు ఆలస్యంగా మేలుకొంటుంది. ఇంజను హెడ్‌లోనే సెండరు బిగిస్తే అంతకన్న నయం. ఇక మా ఇంటి అనుభవం తరువాత నాకు అన్నిటికన్న నచ్చినది వేరే ఉంది. నీటిని వదిలేసి, హెడ్ బోల్టు కింద వాషరులా బిగించే సెన్సారు. అది లోహం ఉష్ణోగ్రతనే కొలుస్తుంది. నీరంతా కారిపోయినా దాన్ని మోసగించలేరు. మా వాడి బండికి నీటి మీటరు ఒకటి, ఈ వాషరు సెన్సారు ఒకటి, రెండూ పెట్టించాం. "రెండెందుకు బావగారూ, ఖర్చు!" అన్నాడు. లేతు పని బిల్లు చూపించాను.

మన ఎండ, మన నీరు

మీటరు పెట్టాక అది చూపే అంకెలను మన ఊరి వాతావరణంతో కలిపి చదవాలి. రేడియేటరు నుంచి గాలికి పోయే వేడి, రెంటి ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. ఇది న్యూటన్ చెప్పిన శీతలీకరణ నియమం. సంక్రాంతి రోజుల్లో గాలి 25 డిగ్రీలుంటే, 90 డిగ్రీల నీటికీ దానికీ తేడా 65. మే నెలలో గాలి 45 ఉంటే తేడా 45. అంటే అదే రేడియేటరు వేసవిలో ముప్పై శాతం తక్కువ వేడిని వదులుతుంది. దాని ముందే ఏసీ కండెన్సరు నిలబడి గాలిని ఇంకొంచెం వేడి చేసి మరీ పంపుతుంది. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద తిరిగే బండ్లకు గడ్డిపొట్టు, ఊక రేడియేటరు రెక్కల మధ్య ఇరుక్కొంటాయి. ట్రాక్టరు వాళ్ళు సాయంత్రం పూట వాటిని దులపటం మీరు చూసే ఉంటారు.

ఇక నీరు. మన డెల్టాలో సముద్రం వైపు పోయినకొద్దీ చాలా ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. లోపలి ఊళ్ళలో కూడా కఠిన జలం మామూలే. కఠిన జలాన్ని కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది గదా, అదే పెచ్చు ఇంజను లోపలి దారుల్లోనూ కడుతుంది. అది ఇనుము కన్న ఎన్నో రెట్లు తక్కువగా ఉష్ణాన్ని వహిస్తుంది. ఇంజనుకు కంబళి కప్పినట్లే. ఉప్పునీరైతే లోహాన్ని తినేస్తుంది. కాబట్టి రేడియేటరులో బోరు నీరు పోయకూడదు. లోహ లవణాలు లేని స్వేదన జలం, దానితో కూలెంటు కలిపి పోయాలి. కూలెంటులో ముఖ్యమైనది ఎథిలీన్ గ్లైకాల్. మంచు దేశాల్లో నీరు గడ్డ కట్టకుండా దాన్ని వాడతారు. మనకు గడ్డ కట్టే బాధ లేకపోయినా, అందులో కలిపే తుప్పు నివారిణులు మనకూ కావాలి. నీరు, గ్లైకాలు సగం సగం కలిపితే మామూలు పీడనం దగ్గర సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. అది కొంత లాభం. వేడిని మోసే శక్తిలో మాత్రం అది వట్టి నీటికన్న కొంచెం తక్కువే. మరొక్క సంగతి. ఇది తియ్యగా ఉంటుంది, విషం. మా బండిలోంచి వచ్చిన తియ్యటి వాసన దీనిదే. కారిన చోట కుక్కలు, పిల్లలు నాకకుండా కడిగివేయాలి.

ఆ మూత సంగతి

ఇందాక పెద్దాయన ఎందుకు కేకవేశాడో ఇప్పుడు లెక్కలో చూద్దాం. మూత కింద 6 లీటర్ల నీరు 115 డిగ్రీల దగ్గర ఉందనుకొందాం. పీడనం వల్ల అది మరగటం లేదు, నిమ్మకు నీరెత్తినట్లు ఉంది. మూత తీశాం. పీడనం ఒక్కసారిగా పడిపోయింది. బయటి పీడనం దగ్గర నీరు 100 డిగ్రీలకు మించి ద్రవంగా ఉండలేదు. మిగులు 15 డిగ్రీల వేడి ఏం కావాలి? 6000 గ్రాములకు 15 చొప్పున 90,000 కేలరీలు. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి 540 కేలరీలు కావాలి. భాగిస్తే దాదాపు 167 గ్రాముల నీరు ఉన్నపళాన ఆవిరవుతుంది. గ్రాము నీరు ఆవిరైతే 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మొత్తం 280 లీటర్లకు పైగా ఆవిరి! పెద్ద ఇనుప పీపా పట్టేది 200 లీటర్లే. అంత ఆవిరి, అరచేతి కన్న చిన్న రంధ్రంలోంచి, మిగిలిన మరుగునీటిని తోసుకొంటూ మొహం మీదికి వస్తుంది. మా బండిలో సగం నీరే మిగిలింది కాబట్టి అందులో సగం వచ్చి ఉండేది. ఒక మనిషి కళ్ళు పోవటానికి అది చాలు.

ఇంజను ఆపి, పై గొట్టం చేతికి మామూలుగా తగిలేంత చల్లబడేదాకా మూత ముట్టుకోకూడదు. తొందరపడి కాలువలోంచి చన్నీళ్ళు తెచ్చి కాలే ఇంజనులో పోయటం కూడా పనికిరాదు. వేడి గాజు గ్లాసులో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో తెలుసు గదా!

మీరు చేయవలసింది

మీ ఊళ్ళో మెకానిక్కును అడిగి పాత సెండరు ఒకటి సంపాదించండి. మీ సైన్సు మాస్టారు దగ్గర ఉండగా, వేడినీటిలో దాన్ని ఉంచి, నీరు 95 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చల్లబడుతుంటే ప్రతి ఐదు డిగ్రీలకూ నిరోధం రాసుకోండి. గ్రాఫు గీయండి. సరళరేఖ వస్తుందా, వంపు వస్తుందా? వంపు ఎక్కడ నిటారుగా ఉంది, ఎక్కడ వాలుగా ఉంది? ఏ ఉష్ణోగ్రతల మధ్య ఈ సెండరు బాగా కచ్చితంగా పనిచేస్తుందో దాన్నిబట్టి చెప్పండి.

ఇంకా రెండు ప్రశ్నలు. ప్రయాణంలో సెండరు తీగ ఊడిపోతే మీటరు ముల్లు ఎటు పోతుంది? ఆ తీగే అరిగి ఇంజను ఇనుముకు తగిలితే ఎటు పోతుంది? రెండిటిలో డ్రైవరుకు ఎక్కువ ప్రమాదం ఏది?